ఓడలరేవులో పడిన ముడి

ఎవరైనా దెయ్యాలు, ఆత్మలు అని మొదలుపెడితే, వాళ్ళ మాట వినబడకుండా కుట్టుమిషను గట్టిగా తొక్కే మనిషిని నేను. కొత్తపేటలో ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టాను. కొలత లేని మాట నాకు ఎక్కదు.

మా ఆయన కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవారు. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఇద్దరం సప్తసాగర యాత్ర నడిచి చేద్దామనుకున్నాం. చొల్లంగి నుంచి అంతర్వేది దాకా, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోటల్లా స్నానం చెయ్యాలి. దంపతులైతే కొంగుముడి వేసుకుని మునగాలి. ఈలోగా ఆయన గుండెనొప్పితో పోయారు.

అరవై నాలుగేళ్ళ వయసులో, అరిగిన మోకాళ్ళతో, నేను బయల్దేరాను. ఆయన కండువాని నా కొంగుకి ముడేసి మునుగుతానంటే మా ఆడపడుచు మొహం మాడ్చుకుంది.

"అన్నయ్యగారు పోయేక కొంగుముడేంటండీ వదినగారూ? నలుగురూ నవ్వుతారండి" అంది.

"నవ్వనీ. నేను మాటిచ్చింది మీ అన్నయ్యకి, ఊరికి కాదు" అన్నాను. నన్ను ఒంటరిగా వదల్లేక, సణుక్కుంటూనే తనూ నడిచింది.

ఒక్కో చోటా మునుగుతూ నడిచి, ఓ రోజు ఓడలరేవు చేరేసరికి ఉదయం పది. ఎండ కాస్తోంది. ఎప్పటిలాగే కొంగూ కండువా కలిపి మామూలు ముడి వేశాను. నా ముళ్ళు వదులని ఆయన బతికున్నన్నాళ్ళూ వెక్కిరించేవారు.

అల అడ్డంగా కొట్టింది. మోకాలు పట్టు తప్పి పడ్డాను. నీళ్ళు లోపలికి ఈడుస్తుంటే, కొంగు ఒక్కసారి ఒడ్డు వైపు బిగిసి నన్ను నిలబెట్టింది. చూస్తే చుట్టూ ఎవరూ లేరు. ఆడపడుచు దూరంగా ఇసుకలో సంచుల దగ్గర కూర్చుని ఉంది.

ముడి మాత్రం మారిపోయింది. ఆయన చెట్టెక్కేముందు నడుముకి తాడు బిగించుకునే ముడి అది. నాకు నేర్పబోయి విసుగెత్తి మానేశారు. గుడ్డ నీళ్ళలో చిక్కుపడుతుంది, కాదనను. అయితే ముప్పై ఏళ్ళు దారాలు విప్పినదాన్ని, చిక్కుకీ ముడికీ తేడా నాకు తెలియదా?

ఆడపడుచుకి చూపించాను. "ఇది మా అన్నయ్యగారి ముడండీ" అని ఏడ్చేసింది.

అంతర్వేదికి అదే చీర, అదే ముడితో వెళ్ళి మునిగాను. పురోహితుడు గారు చూసి, "స్నానమయ్యేక ముడి విప్పేసుకోవాలండమ్మా" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆడపడుచు అందుకుంది. "ఆయ్. వేసినాయనే వచ్చి విప్పుకుంటారు లెండి."

ఆ ముడి ఎలా పడిందో ఇప్పటికీ చెప్పలేను. దెయ్యాలని ఇప్పటికీ నమ్మను. ఆ చీర మళ్ళీ కట్టలేదు, ముడి విప్పలేదు. ఎవరేమన్నా విప్పను.