ఆమెకు వినిపించని గొంతు

ఈ బరువు నా నెత్తిన ఎవరూ పెట్టలేదు. నేనే ఎత్తుకున్నాను. మోసి మోసి అలసిపోయి మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే నాకు ధైర్యం.

పాల్వంచలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నా భార్య సుగుణకు నాతో జరిగింది రెండో పెళ్ళి. మొదటి భర్త దుమ్ముగూడెం దగ్గర ఒక ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పేవాడు, బాగా పాడేవాడట. మలేరియా తలకెక్కి పోయాడు. అన్నీ తెలిసే చేసుకున్నాను. పోయిన మనిషి మీద అసూయ ఏముంటుందనుకున్నాను.

అప్పుడప్పుడే మా ఇంట్లోకి కంప్యూటర్, ఫోను లైను మీద నెట్ వచ్చాయి. ఒకరోజు సుగుణ అన్న వచ్చాడు. ఆమె మొదటి భర్త పాటలను అతను బతికున్న రోజుల్లో ఎవరో పట్నం వాళ్ళు రికార్డు చేసుకుపోయారని, ఇప్పుడు నెట్‌లో పెట్టారని చెప్పి, వెబ్‌సైట్ పేరు ఇచ్చి పోయాడు.

ఇద్దరం కూర్చుని తెరిచాం. పాట ఉండాల్సిన చోట ఖాళీ గడి, పాట వినిపించే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం లేదని ఒక వాక్యం కనిపించాయి. బ్రౌజర్ దాన్ని తనంతట తాను తెచ్చుకోలేకపోయింది. విడిగా డౌన్‌లోడ్ చేసి మనమే ఎక్కించాలి. ఆఫీసులో ఆ పని చేసేది నేనే.

"వస్తదా?" అంది.

"రాదు. మన కంప్యూటర్‌కు గట్లాంటివి పట్టవు."

"పోనీయండి. ఎప్పుడన్న వస్తే చెప్పండి," అని లేచింది. నా మాట మీద ఆమెకు అనుమానమే రాలేదు.

మర్నాడు ఆమె సంతకు వెళ్ళింది. నేను ప్లగిన్ ఫైలు డౌన్‌లోడ్ చేశాను. బ్రౌజర్ మూసి, ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ తెరిచాను. ఎందుకు? ముందు నేను విని, తర్వాత ఆమెకు వినిపిద్దామనుకున్నానా? ఇప్పటికీ నాకే తెలియదు.

పాట వచ్చింది. గొంతు అంత గొప్పదేం కాదు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో అతను పాట ఆపి, "సుగుణా, జర మంచినీళ్ళు తే," అన్నాడు. "నీ కాళ్ళకేమైంది?" అని లోపలి నుంచి ఒక ఆడగొంతు, వెంటనే పెద్ద నవ్వు. అది నా భార్య నవ్వని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. మా ఇంట్లో ఆమె ఎన్నడూ అట్లా నవ్వలేదు. అడిగింది అందిస్తుంది, మెల్లగా మాట్లాడుతుంది, అదే ఆమె స్వభావమనుకుని నేను అన్నాళ్ళూ సంతోషంగా ఉన్నాను.

ప్లగిన్ తీసేశాను. ఆమె వచ్చేసరికి కంప్యూటర్ ఆపేసి ఉంది.

తర్వాత మరోసారి అడిగింది. రాదనే చెప్పాను. కొన్నాళ్ళకు ఆ వెబ్‌సైటే లేకుండా పోయింది. ఆమె అడగడం మానేసింది. నేను పోగొట్టింది అతని గొంతు ఒక్కటేనా? ఆమె నవ్వు కూడా అందులోనే ఉంది కదా. అది తనకు తెలియను కూడా తెలియదు.

మా ఆయన ఏదీ దాచడని చుట్టాలతో చెబుతుంది. నేను తల వంచుకుంటాను. వాళ్ళు అది వినయమనుకుంటారు.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో. వినిపించగలిగి కూడా వినిపించలేదు. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళకు పైకి అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.