గుగ్గిళ్ళయిపోయిన విత్తనం

మా ముత్తాత గోవిందప్పనాయుడు ఫ్రెంచి దొరల ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడినవాడు; మా తాత రంగప్పనాయుడు లాస్‌పేట పొలాల్లో కోత పెట్టనిదే పుదుచ్చేరి అంగట్లో ధర తెగేది కాదు. ఆ ఇంటి మనవణ్ణయిన నాకు నిన్న నెల్లితోపులో ఒక అంగడివాడు సోయాపాలు రుచి చూపించాడు. "తాగి చూడండి సార్, పచ్చివాసనే రాదు, బాదం ఫ్లేవర్" అన్నాడు. ఒక గుక్కతో కింద పెట్టేశాను. గింజలోని వాసన పోగొట్టడం చేతగాక పైన సెంటు పూసిన సరుకది. దానికోసం నా ఈడువాళ్ళు కూడా వరుసకట్టి నిలబడ్డారు.

ఆ వాసన గింజలోనే లేకుండా చేయాలని, వ్యవసాయం చదివి వచ్చిన కొత్తలో నేను పూనుకున్నాను. రుచిగల సోయా రకానికి ఆకులు పసుపుబారే తెగులు తగిలి చేనంతా పోయేది; తెగులుకు తట్టుకునే రకాన్ని ఉడికించి పెడితే గొడ్లు కూడా మూతి తిప్పుకునేవి. తెల్లవారీ తెల్లవారకముందే, విచ్చని మొగ్గలో కేసరాలను సన్నని పట్టకారుతో తీసేసి, రెండో రకం పుప్పొడి అద్ది, ఏటేటా తెగులు సోకిన మొక్కలను పీకేస్తూ, మిగిలినవాటి గింజలను ఉడికించి నమిలి చూస్తూ, నా వయసంతా లాస్‌పేట పొలంలోని ఒక మడిలోనే గడిపాను. పొలం పెత్తనమంతా చేతిలో ఉన్న మా చిన్నాయన గట్టున నిలబడి, "ఏంది రా, పూలకు పెళ్ళిళ్ళు చేస్తా ఉండావా?" అని కూలివాళ్ళ ముందు నవ్వేవాడు. పెద్దల ఆస్తిని కూర్చుని తిన్నవాడికి నవ్వడం తప్ప మరో పని తెలియదు.

చివరకు ఒక్క మొక్క సంతతి నిలిచింది. చుట్టూ చేను పసుపెక్కినా అది పచ్చగా ఉంది. గింజలో వాసన లేదు. ఆ పంటంతా మరుసటి ఏటి విత్తనానికని, వేపాకు కలిపి కుండలో పోసి అటక మీద పెట్టాను.

నవరాత్రి వచ్చింది. బొమ్మలకొలువు పెట్టిన ఇంట పేరంటాళ్ళకు రోజుకొక గింజ గుగ్గిళ్ళు, మా ఊరి మాటలో సుండల్, పంచాలి. నిన్నటి గింజ ఈరోజు పెడితే తలవంపులు. అంగడికి పంపే స్తోమత పోయినా ఆ పట్టింపు మాత్రం పోని మా చిన్నమ్మ కుండ దించి, నానబోసి, ఉడికించి, కొబ్బరి తురుము చల్లి పంచేసింది. నేను వచ్చేసరికి ఎదురింటావిడ, "ఇదేం గింజక్కా, వెన్న మాదిరి ఉండాది, ఇంకొంచెం ఎయ్యి" అంటున్నది.

చిన్నమ్మ నా ముఖం చూసి, "ఏంది అట్ల చూస్తావు? నీ గింజే. యాడన్నా ఇట్లాంటి సుండల్ తిన్నారా వీళ్ళు? సంతోషపడు" అన్నది.

అన్నేళ్ళ పనికి దక్కిన తీర్పు అదొక్కటే, అదీ ఏం నములుతున్నారో తెలియని నోళ్ళనుండి. కుండ అడుగున వేపాకు మిగిలింది.

ఆ మొక్కకు ముందటి తరం గింజలు కొన్ని నా దగ్గర మిగిలాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి మడి ఉంటే చాలుననుకున్నాను. అప్పట్లో కనీసం గింజను నోట వేసుకుని బాగుందో లేదో చెప్పేవారు. ఇప్పుడు రుచిని కూడా పాల అట్టపెట్టె మీద చదువుకుంటున్నారు.

మరుసటి విత్తుకాలం రాకముందే చిన్నాయన లాస్‌పేట పొలమంతా ఇళ్ళస్థలాలకు అమ్మేశాడు.