బావ బదులు నేను కూర్చున్న బల్ల

పోయిన వారం మా అక్క కొడుకు వికారాబాదులోని నా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ, చాలా మామూలుగా ఒక సాయం అడిగాడు. యాసిడ్ ట్యాంకరు నడిపే పని దొరికిందట, దానికి లైసెన్సు మీద ప్రమాదకరమైన సరుకు మోయడానికి ప్రత్యేక అనుమతి ఉండాలట, ఆ అనుమతికి ముందు మూడు రోజుల శిక్షణ తప్పదట. "మూడు దినాలు క్లాసుల కూసుంటే ఇప్పటి బండి ఎవలు నడపాలె మామా? నువ్వు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల చేసినోనివి గద, నా బదులు ఎవలనన్న కూసోవెట్టి కాయితం ఇప్పియ్యరాదు" అన్నాడు. ఆ పని నేను ఒకసారి చేసి ఉన్నానని వాడికేం తెలుసు, పాపం.

వయసులో ఉన్నప్పుడు నేను తాండూరులో ఒక ప్రైవేటు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాని. ఆఫీసంటే ఒకటే గది, ఎంత తుడిచినా నాపరాళ్ల దుమ్ము బల్ల మీద తెల్లగా పేరుకునేది. కర్ణాటక వైపు నుంచి యాసిడ్ తెచ్చే ట్యాంకర్లు మూడుండేవి. వాటి రిజిస్ట్రేషను, పర్మిట్లు, ఫిట్‌నెస్, ముందూ వెనకా అంటించాల్సిన హెచ్చరిక బోర్డులు, అన్నీ నా బాధ్యతే. ఫైలు తాడు ముడి కూడా ఎప్పుడూ ఒకే తీరుగా వేసేవాణ్ణి. మన తరం గుమస్తాలకు చెప్పక్కర్లేదు, కాయితం సరిగ్గా ఉంటే లోకమంతా సరిగ్గా ఉన్నట్టే అనిపించేది.

ఆ ట్యాంకర్లలో ఒకదాన్ని మా బావ, అంటే ఈ మేనల్లుడి తండ్రి, నడిపేవాడు. బంట్వారంలో తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి మనిషి ఆయనే, ఉద్యోగం ఇప్పించింది నేనే. శిక్షణ కాయితం లేని డ్రైవరుతో ట్యాంకరు కదలకూడదని రవాణా శాఖవాళ్లు ఒకసారి గట్టిగా పట్టుకున్నప్పుడు, "ఇన్నేండ్ల సంది నడుపుతున్న, నాకు ఒకడు నేర్పుతడా?" అని బావ నవ్వి ఊరుకున్నాడు. యజమానికేమో బండి ఆగకూడదు. బావ పేరుతో నేనే వెళ్లి కూర్చుంటానని నా అంతట నేనే అన్నాను, నన్నెవరూ బలవంతపెట్టలేదు.

రోజూ రైల్లో హైదరాబాదు వెళ్లి, బావ పేరు పిలిచినప్పుడల్లా చెయ్యెత్తాను. ఫొటోతో ముఖం ఎవరూ పోల్చి చూడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజులూ నాకు బడికి వెళ్లినంత సరదాగా గడిచాయి. పాఠం చెప్పే పెద్దాయన ఒక్కో మాట రెండుసార్లు చెప్పేవాడు, నేను నోటుపుస్తకంలో గుండ్రంగా రాసుకునేవాణ్ణి: కారిన యాసిడ్ మీద నీళ్లు పోయకూడదు, పొడి ఇసుక చల్లాలి, కంట్లో పడితే కట్టు కట్టకూడదు, మంచినీళ్లు చాలాసేపు ధారగా పోస్తూ ఉండాలి. ఇవన్నీ బావకు చెప్పాలనే అనుకున్నాను. తీరా ఆయన ఆఫీసుకు వచ్చినప్పుడు సర్టిఫికెట్ చేతికిచ్చి, అక్క పంపిన జొన్నరొట్టెలు తిని, పుస్తకం సొరుగులో పెట్టేశాను. మరిచిపోయి కాదు, అంత అనుభవమున్న మనిషికి నేనేం చెప్పేదని మొహమాటపడ్డాను.

కొన్ని నెలలకు ధారూర్ దాటాక ట్యాంకరు వాల్వు కారడం మొదలైంది. బావ బండి ఆపి, కింద మడుగుకట్టిన యాసిడ్‌ను కడిగేద్దామని క్యానులో ఉన్న నీళ్లన్నీ దాని మీద కుమ్మరించాడు. అది బుసబుసమని ఆయన ముఖం మీదికే చిమ్మింది. వెనక లారీ వాళ్లు కంటికి తువ్వాలు బిగించి కట్టి వికారాబాదు ఆసుపత్రికి తెచ్చారు. కడగడానికి అక్కడ చుక్క నీళ్లు మిగల్లేదు. నేను చేరేసరికే కుడికన్ను పోయింది. విచారణకు వచ్చినవాళ్లు ఫైలంతా తిరగేసి, ఒక్క కాయితం కూడా తక్కువ లేదు, కేసేమీ ఉండదన్నారు. యజమాని నా భుజం తట్టాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "నీ కాయితాలే మమ్ముల కాపాడినయ్ తమ్మీ" అని ఏడ్చింది. నేను నోరు విప్పలేదు. ఆ సిగ్గును ఇన్నేళ్లూ మోశాను.

బావ మళ్లీ గొర్రెల వెంటే వెళ్లిపోయాడు. మేనల్లుడు అడిగి వెళ్లిన మర్నాడే ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ పుస్తకం తీసుకుని బంట్వారం వెళ్లాను. అక్కనూ బావనూ మేనల్లుణ్ణీ కూర్చోబెట్టి ఆ పేజీ పైకి చదివాను, ఎవరి బదులు ఎవరు కూర్చున్నారో కూడా వాడికి చెప్పాను. బావ బాగున్న కన్ను నా వైపుకు తిప్పుకుని చివరిదాకా విన్నాడు.

"గిదంత నీకు గప్పుడే ఎర్కనా బామ్మర్దీ?" అన్నాడు.

ఎరుకేనన్నాను. ఆయన తిట్టలేదు. కొడుకు వైపు తిరిగి, "నువ్వే పోయి కూసో" అన్నాడు. అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో అన్నం తినకుండా నేను తిరిగి రావడం అదే మొదటిసారి.

మేనల్లుడు సోమవారం పొద్దున రైలెక్కాడు. ఇప్పుడు దరఖాస్తులు, పర్మిట్లు అన్నీ ఫోనులోనే అయిపోతున్నాయట, ఫైళ్లకు తాళ్లు కట్టే నాలాంటి గుమస్తాల అవసరమే లేదట. మంచిదే కావచ్చు. కానీ రైల్వే గేటు దగ్గర హెచ్చరిక బోర్డుతో ట్యాంకరేదైనా ఆగితే, నేను ఇప్పటికీ బోర్డు చూడను, డ్రైవరు ముఖం చూస్తాను. ఆ మూడు రోజులూ బల్ల మీద కూర్చున్నది ఇతనేనా అని అడగాలనిపిస్తుంది. గేటు లేస్తుంది, బండి వెళ్లిపోతుంది, నేను అక్కడే నిలబడిపోతాను.