పంటు ఎక్కని టిల్లరు

పాపాయికి ఇంజన్లంటే భయం లేకపోవడానికి కారణం వాళ్ల నాన్న. ధవళేశ్వరం దిగువన, గౌతమి ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం వాళ్లది. ఏ పడవ ఇంజను మొరాయించినా ఆయన్నే పిలిచేవారు. పానాలు, స్క్రూడ్రైవర్లు అందించడానికి వెంట వెళ్లి వెళ్లి, కూతురికీ ఆ పని పట్టుబడింది. పెళ్లయ్యాక భర్త గంగయ్య చేపల వేటకు పోతే, ఆమె పాత పవర్ టిల్లరొకటి కొని, బాగుచేసుకుని, రైతులకు అద్దెకు తిప్పడం మొదలుపెట్టింది. నలభై దాటేసరికి ఇంటిపక్క రేకుల షెడ్డులో రెండు టిల్లర్లు, ఒక కోత మిషను ఉన్నాయి. డ్రైవరంటూ ఎవరూ లేరు. ఆమే తోలేది.

ఆమెకు ఎక్కువ పని ఏటి మధ్య ఉన్న లంకలో దొరికేది. అక్కడివన్నీ అరెకరం, పాతిక సెంట్ల చెక్కలు. ట్రాక్టరు తిరగాలంటే పక్కవాడి చేను తొక్కాలి. పైగా ఒడ్డున మూడు ట్రాక్టర్లున్న సత్యప్రసాద్, ఐదెకరాల పని ఒక్కచోట ఉంటే తప్ప లంకకు బండి పంపేవాడు కాదు. చిన్న రైతులు వెళ్లి అడిగితే "చూద్దాం" అనేవాడు. అతను చూసేలోగా నేల గట్టిపడిపోయేది. పాపాయి వచ్చాక వాళ్లు అతని గుమ్మం ఎక్కడం మానేశారు. అది అతనికి గుర్తుండిపోయింది.

రెండేళ్ల కిందట రేవు వేలంపాట సత్యప్రసాద్‌కు దక్కింది. జనాన్నీ బళ్లనీ లంకకు దాటించే పంటు అతని చేతికి వచ్చింది. ఆ ఏడు వరద తీసిన తర్వాత లంక నిండా ఒండ్రు మేట వేసింది. ఆ మట్టికి దున్నే పదును వారం రోజులే ఉంటుంది. లంకలో నలభై సెంట్లు కౌలుకు చేసే రత్తమ్మ ఫోన్ చేసింది.

"పాపాయమ్మా, అడుగేస్తే కాలు దిగట్లేదు, మట్టి అంటట్లేదు. ఇప్పుడే రావాలి."

పొద్దున్నే పాపాయి టిల్లరు తోలుకుని రేవుకు వెళ్లింది. సత్యప్రసాద్ టిక్కెట్ల పాక ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మనుషులు ఎక్కచ్చు, మోటార్ సైకిళ్లు ఎక్కచ్చు. నీ మిషన్లు ఎక్కవు" అన్నాడు.

"ఎందుకండీ? నిన్న మీ ట్రాక్టరు దాటింది కదండీ."

"పంటు నాది. లంక పని నాకొదిలేసి ఒడ్డున నీ పని చూసుకో. నేను అడ్డురాను."

"మీరు వద్దన్న పనేనండి నేను చేసేది."

"అయితే ఈదుకుంటూ వెళ్లు."

పంటు మీద ఎవరో నవ్వారు. పాపాయి టిల్లరు వెనక్కి తిప్పింది. దారి పొడుగునా చెవులు మండుతూనే ఉన్నాయి.

ఇంటి దగ్గర గంగయ్య వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి విని, "ఆయనతో మనకెందుకే. నాలుగు రోజులాగితే మెత్తబడతాడు" అన్నాడు.

"నేల ఆగదు. టిల్లరు దాటించడానికి రెండు పడవలు కావాలి. నీది ఇస్తావా, రెండూ అన్నయ్యనే అడగనా?"

గంగయ్య వల పక్కన పెట్టి లేచాడు.

మధ్యాహ్నానికి గంగయ్య పడవనూ, ఆమె అన్న రాముడి పడవనూ పక్కపక్కన కట్టేశారు. కడుతున్న ఇంటి దగ్గర అడిగి తెచ్చిన సెంట్రింగ్ చెక్కలు వాటి మీద పరిచి, తాళ్లతో బిగించారు. టిల్లరు ఎక్కించేసరికి రాముడి పడవ అంచు నీళ్లకు జానెడు ఎత్తులో నిలిచింది.

"మునిగితే?" అన్నాడు రాముడు.

"పైకి తీసి, నూనె మార్చి, మళ్లీ ఎక్కిస్తా."

ఏటి మధ్యకు వచ్చేసరికి సత్యప్రసాద్ మోటారు పడవ అడ్డం వచ్చింది.

"ఈ రేవులో ఇంకో పడవ ఎవర్నీ దాటించకూడదు" అని అరిచాడు.

"నేనెవర్నీ దాటించట్లేదండి. మా పడవలో మా మిషను పట్టుకెళ్తున్నాను. మీరు రేవు పాడుకున్నారు గానీ ఏరు పాడుకోలేదు కదండీ."

"మళ్లీ ఒడ్డుకు రావా?"

"సాయంత్రం వస్తానండి. ఇంటి దగ్గరే ఉంటాను. రండి."

అతను పడవను విసురుగా తిప్పుకుని పోయాడు. ఆ అలకు చెక్కొకటి జారి ఏట్లో పడింది. పాపాయి మోకాళ్ల మీద కూలబడి టిల్లరు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. రేవుకు దిగువన ఇసుక మేట దగ్గర ఆగేసరికి, రత్తమ్మ మరో పదిమందిని వెంటబెట్టుకుని తాళ్లతో ఎదురొచ్చింది. అందరూ కలిసి టిల్లరును ఇసుకలోంచి లాగారు.

ఆరు రోజుల్లో పాపాయి పందొమ్మిది చెక్కలు దున్నింది. మూడోనాడు బెల్టు తెగితే గంగయ్య రాజమండ్రి వెళ్లి కొత్తది తెచ్చాడు. ఆ పూట పోవడంతో ఉత్తరపు కొసన రెండు చెక్కలకు పదును దాటిపోయింది. ఆ ఏడు వాటిలో మొక్కజొన్న పడలేదు. ఆ రైతులిద్దరూ సత్యప్రసాద్‌ను ఒక్క మాట అనలేదు. పాపాయినే అన్నారు. ఆమెకు ఇప్పటికీ బాధగా ఉండేది అదొక్కటే.

సత్యప్రసాద్ ఊరుకోలేదు. పాపాయి మిషన్లు పిలవొద్దని ఒడ్డున పెద్ద రైతులకు చెప్పాడు. ఆ పంటకాలం కోత మిషను షెడ్డు దాటలేదు. తర్వాత రేవు వేలం వేసే ఆఫీసులో ఆమె మీద ఫిర్యాదు పెట్టాడు. పాపాయి రత్తమ్మనీ, లంక రైతులనూ వెంటబెట్టుకుని వెళ్లింది. అధికారి పాట కాగితం రెండుసార్లు చదివాడు. జనాన్ని దాటించే టిక్కెట్ల సంగతే తప్ప, ఎవరి పడవలో వాళ్లు వెళ్లకూడదని అందులో లేదు.

"మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాడు.

బయటికొచ్చాక సత్యప్రసాద్, "ఇంటికొచ్చి ఒక్క మాట అడుగు. రేపట్నుంచే పంటు ఎక్కించుకుంటా" అన్నాడు.

"టిక్కెట్టు కొని ఎక్కే పంటుకు ఇంటికొచ్చి అడగడం దేనికండీ? రాను."

ఆమె వెళ్లలేదు. అతనూ ఎక్కించుకోలేదు. ఈ ఏడూ పాట అతనిదే. లంక రైతులు మెరక మీద పాక వేసి, ఆమె టిల్లర్లలో ఒకదాన్ని అక్కడే ఉంచుకున్నారు. రెండు పడవలకూ ఇప్పుడు ఇనప చట్రం బిగించారు. మొన్న పాపాయి రెండో టిల్లరుతో ఏరు దాటుతుంటే ఎదురుగా పంటు వచ్చింది. గంగయ్య పక్కకు తప్పిద్దామా అన్నట్టు చూశాడు.

"తిన్నగా పోనీ" అంది పాపాయి.

పంటే పక్కకు తిరిగింది.