గుర్వమ్మ చెప్పిన సాక్ష్యం

మోత్కూరు దగ్గరి ఆ పల్లెలో గుర్వమ్మది ఒకటే పట్టుదల. తమ్ముడి బిడ్డ బాలనర్సమ్మ తన ఇంటి కోడలు కావాలి. తమ్ముడు గాలయ్య, పిల్లకు మూడేళ్లు రాకముందే జ్వరంతో పోయాడు. పోయేముందు అక్క చెయ్యి పట్టుకుని పిల్లను అప్పగించాడో లేదో మనకు తెలియదు గానీ, అప్పగించాడనే గుర్వమ్మ పద్నాలుగేళ్లు ఊరంతా చెప్పుకుంది. ఆమె కొడుకు ఎల్లస్వామి ఆ పిల్లకన్నా పదమూడేళ్లు పెద్ద. వాడికి ముప్పై నిండినా వేరే సంబంధాన్ని గడప తొక్కనివ్వలేదు.

వాళ్లు కథోలికులు. 1961లో పెండ్లి మాట ఎత్తగానే ఆ ఊరి గుడి చూసుకునే విచారణ గురువు రెండు అడ్డంకులు చెప్పాడు. పిల్లకు జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం కాలేదు, ముందు అది కావాలి. అది ఇవ్వాల్సిన పీఠాధిపతి, అంటే బిషప్పు, మూడేళ్లకోసారి గాని ఆ దిక్కుకు రాడు. రెండోది, మేనరికానికి పైనుంచి అనుమతి తేవాలి. గుర్వమ్మ దేనికీ వెనక్కి తగ్గలేదు. ఆ ఏడే పీఠాధిపతి వచ్చి పిల్ల నుదుట పరిశుద్ధ తైలం పూసి వెళ్లాడు. మేనరికానికి అనుమతీ వచ్చింది. ఇక మూడు ఆదివారాలు పూజలో పేర్లు చదివి చాటింపు వేయడమే మిగిలింది.

చాటింపుకు ముందు గురువు జ్ఞానస్నానాల పుస్తకం తీశాడు. ఆ పుటను చెదలు తిన్నాయి. పిల్ల పేరుంది, తల్లిదండ్రుల పేర్లున్నాయి, జ్ఞానతండ్రి పేరుండాల్సిన చోట బొక్క ఉంది. అది రాసిన, ఊళ్లో మతపాఠాలు చెప్పే ఉపదేశి చనిపోయి చాలా కాలమైంది. తల్లి శ్యామలమ్మ ఆ రోజు పచ్చి బాలింత, గుడికే రాలేదు. చూసిన పెద్దల్లో మిగిలింది గుర్వమ్మ ఒక్కతే. గురువు ఆమెను పిలిపించి, సువిశేష గ్రంథం మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించి, నీళ్లు పోసినప్పుడు బిడ్డను ఎవరు ఎత్తుకున్నారని అడిగాడు.

గుర్వమ్మ ముఖం వెలిగిపోయింది. ఈ పెండ్లికి ఇంతకుమించిన రుజువు ఏం కావాలనుకుంది పిచ్చితల్లి.

"నా కొడుకే ఎత్తుకున్నడు సామి. నేనే వాని చేతులల్ల పెట్టిన. నా కోడల్ని ఇంకొకడు ఎట్ల ఎత్తుకుంటడని ఉపదేశితోని కొట్లాడి మరీ పెట్టిన."

గురువు కలం కింద పెట్టాడు. అలా ఎత్తుకున్నవాడే జ్ఞానతండ్రి అవుతాడని, ఆ పిల్ల అతనికి బిడ్డతో సమానమని, వాళ్లిద్దరికీ పెండ్లి చెల్లదని మెల్లగా చెప్పాడు. గుర్వమ్మ అప్పటికప్పుడు మాట మార్చబోయింది. చెయ్యి ఇంకా సువిశేషం మీదనే ఉంది, అబద్ధమాడలేకపోయింది. దీనికీ అనుమతి దొరకవచ్చు, రాసి పంపుతాను, ఓపిక పట్టమన్నాడు గురువు.

జవాబుకు పది నెలలు పట్టింది. అన్నాళ్లు ఊరు ఊరికే ఉంటుందా? తండ్రీబిడ్డల పెండ్లెప్పుడని దారిన పోయేవాళ్లంతా ఎల్లస్వామిని ఎగతాళి చేశారు. మతం మారనివాళ్లు నవ్వారంటే తెలియక అనుకోవచ్చు, ఆదివారం మోకరిల్లి దండం పెట్టేవాళ్లు అంతకన్నా ఎక్కువ నవ్వారు. ఆ నోళ్లను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎల్లస్వామి శ్యామలమ్మ ఇంటి దిక్కు పోవడమే మానేశాడు.

చివరికి అనుమతి వచ్చింది. గుర్వమ్మ కాగితాన్ని కొంగున ముడేసుకుని శ్యామలమ్మ ఇంటికి ఉరికింది. శ్యామలమ్మ బిడ్డ వైపు చూసింది. జొన్నలు చెరుగుతున్న బాలనర్సమ్మ చాట పక్కన పెట్టింది.

"మా నాయిన మొకం నాకు యాదికి లేదు అత్తా. పది నెలల సంది అందరు బావనే నీకు నాయిన, నాయిన అన్నరు. ఇప్పుడు నాయిన అనుకుంటే బావ మొకమే మెదులుతాంది. కాగితం వచ్చిందని ఆయన పక్కన పెండ్లిపీట మీద ఎట్ల కూసుందు?"

గుర్వమ్మ తిట్టింది, ఏడ్చింది, కోడలు కావాల్సిన పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలింది. బాలనర్సమ్మ కూడా ఏడ్చింది గానీ మాట మార్చుకోలేదు.

మరుసటేడు కొత్తకోటలో సంబంధం కుదిరింది. పెండ్లినాడు పిల్లను గుళ్లో బలిపీఠం దాకా నడిపించడానికి తండ్రి లేడు. ఆ చోట నిలబడమని శ్యామలమ్మ ఎల్లస్వామికి కబురు పెట్టింది. రాడనే అందరూ అనుకున్నారు. ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు, పిల్లను నడిపించాడు, పెండ్లి పుస్తకంలో సాక్షిగా వేలిముద్ర కూడా వేశాడు.

పూజ అయ్యాక బాలనర్సమ్మ వంగి అతని కాళ్లు మొక్కింది.

"పోయొస్త నాయినా."

"మంచిగ బతుకు బిడ్డా" అన్నాడు ఎల్లస్వామి.

ఆడవాళ్ల వరుసలో కూర్చున్న గుర్వమ్మ ఆ గొంతు విన్నది. ముప్పై రెండేళ్లకే, పెండ్లయినా కాకుండా, తన కొడుకు ముసలివాడైపోయాడని ఆమెకు అప్పుడు తెలిసింది.