తువ్వాలు విప్పిన ముఖం

ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్లే అమ్మాయిలను చూస్తే మా పిరికి కుక్క పండు గుర్తొస్తుంది.

మిరప కళ్లంలో ఘాటుకు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని కాయలు ఏరే కూలీలను చూసి, నా కాళ్ల వెనక నక్కి మొరిగేది.

“రేపూ అరిస్తే ఊరవతల వదిలేస్తా,” అన్నాడు నాన్న.

నేనుండగానా! మర్నాడు పొద్దున్నే నేనూ తువ్వాలు చుట్టుకుని, మొరగనప్పుడల్లా బిస్కెట్ పెట్టాను. ఆ తర్వాత, కాయలు ఏరుతూ రోజూ నాకు కథలు చెప్పే కూలీ మరియమ్మ చేత పెట్టించాను. మధ్యాహ్నానికల్లా పండు కూలీలందరికీ తోక ఊపింది. నాన్నే మెచ్చుకున్నాడు.

సాయంత్రం వాళ్లు తువ్వాళ్లు విప్పి ముఖాలు కడుక్కున్నారు. పండు మళ్లీ మొదలెట్టింది.

“ఏరా పండూ, మా మొహాలు అంత బాలేవా?” అని ఒకామె నవ్వింది.

కుక్కను గదమాయించబోయి ఆగిపోయాను. ఆ గొంతు వినేదాకా ఆమే మరియమ్మ అని నాకూ తెలియలేదు.