రెండు మూతల పెన్ను

ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా, నా పెన్నులో ఇంకు ఇక్కడే ఎండిపోవాలి. నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. చూడనిది రాయను.

హైదరాబాదు నుంచి మచిలీపట్నంలోని మా ఇంటికి ఏది త్వరగా చేరుస్తుంది, విమానమా, కారా? నా బావమరిది ప్రసాద్‌ది కారు పక్షం. నేను విమానం ఎక్కి ఎరగను కానీ కాగితం మీద లెక్క వేశాను. గుమ్మం నుంచి గుమ్మానికి విమానంలో అయిదున్నర గంటలు, కారులో ఆరున్నర.

"అయితే పందెం బావగారూ! ఓడితే మీ డైరీలన్నీ అటకెక్కాలి. మళ్లీ రాయకూడదు."

సరే అన్నాను. మూడింటికి ఇద్దరం ఒకే గుమ్మంలోంచి బయల్దేరాం.

విమానం నా లెక్క తప్పలేదు. ఏడూ అయిదుకి గన్నవరంలో దిగాను. అద్దెకారు డ్రైవరు సుబ్బారావు, కౌతవరం మనిషి. గుడివాడ దాటాక పొగమంచు కమ్మింది. చేల మీద నుంచి... మెల్లగా... రోడ్డు మీదికి పాకింది.

దారిలో అక్కడక్కడ కిలోమీటరు రాళ్ల దగ్గర దిగి టైము రాసుకోవడం నా అలవాటు. టార్చి వేశాను. 'మచిలీపట్నం 18'. ఎనిమిదీ అయిదు. రాస్తుంటే పెన్ను మూత జారి గడ్డిలో పడింది. వదులుగా ఉంటుందని ఆకుపచ్చ దారం చుట్టిన మూత. వెతికితే ఆలస్యం. వదిలేశాను.

కాసేపటికి మరో రాయి. పదిహేను అయి ఉంటుందని దిగాను.

'మచిలీపట్నం 18'.

కారు మీటరు మూడు కిలోమీటర్లు తిరిగింది. నా వాచీ ఎనిమిదిన్నర. చెప్పు కింద ఏదో... టక్. వంగి చూశాను.

నా మూత. ఆకుపచ్చ దారం.

జేబులో వేసుకున్నాను.

"వెనక్కి గానీ తిప్పావా సుబ్బారావూ?"

"స్టీరింగు కదిలిస్తే ఒట్టండీ. ఒకే పక్క నుంచి కాలవ చప్పుడు వినబడతానే ఉంది. బుడ... బుడ..."

మళ్లీ మూడు కిలోమీటర్లు. ఎనిమిదీ యాభై అయిదు. మళ్లీ రాయి. మళ్లీ పద్దెనిమిది. రాయి పక్కన...

మూత.

జేబు తడిమాను. అందులోదీ ఉంది.

"ఇంక దిగకండి బాబోయ్! కళ్లు మూసుక్కూర్చోండి. నేనూ అలాగే నడుపుతాను."

"నువ్వు తెరువయ్యా!"

ఆ తర్వాత రాయి చూస్తే ఒట్టు. పెడన దీపాలు కనిపించాకే ఊపిరి పీల్చుకున్నాను. తొమ్మిదీ నలభైకి ఇల్లు చేరాను. వరండాలో ప్రసాద్ వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఇరవై నిమిషాలైంది బావగారూ. అటక దులిపించనా?"

రెండు మూతలూ అతని అరచేతిలో పెట్టి, డైరీలో మూడు పద్దెనిమిదులూ చూపించాను. దారం విప్పి చూశాడు. రెండింటికీ నా పంటి గాటు... ఒకే చోట.

శెనక్కాయలు పక్కన పెట్టేశాడు. "ఈ పందెం... చెల్లదు బావగారూ. డైరీలు కిందే ఉండనివ్వండి."

నా డైరీలో 'ఆలస్యానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. పొగమంచు అని రాసి కొట్టేశాను. పొగమంచు మూతలు చేయదు. దయ్యం అని రాద్దామంటే నేను చూడలేదు.

ఆ గడి ఒక్కటే ఇంకా ఖాళీ. పెన్ను మాత్రం రోజుకో మూత మార్చి వాడుతున్నాను. రెండూ సరిగ్గా... ఒకేలా వదులు.